దొర్కా పిలకలు

కింగ్‌స్టన్
ఫిబ్రవరి, 1935

అక్కా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన వేపుడు చేప సగం దారిలోనే అయిపోయింది. రైల్లో ఎదురుగా కూచున్న ముసలమ్మ అదేపనిగా చూస్తుంటే పెట్టకుండా ఎలా తినను? "మీ అమ్మ చేసిందా నాయనా?" అంది. "మా అక్క చేసింది. వంటలో అమ్మంతటిది, తిట్లలో అమ్మకంటే రెండాకులు ఎక్కువే చదివింది" అన్నాను. ముసలమ్మ ఒకటే నవ్వు.

పాస్టరుగారిచ్చిన కోటుకి చేతులు పొట్టి. ఆఫీసుల్లో గుమాస్తాలు నా మొహం చూడకముందే నా మణికట్లు చూస్తున్నారు. రోజూ వెళ్ళడం, బెంచీ మీద కూచోడం, "రేపు రండి" అనిపించుకోవడం, ఇదీ నా ఉద్యోగం. మన కొండ రైతుసంఘం అర్జీ ఇంకా నా సంచీలోనే ఉంది.

మనం అడిగేది గొంతెమ్మ కోరికలా చెప్పు? అరటికి తెగులొచ్చిందని సర్కారు ఇన్‌స్పెక్టరు ఎర్రజెండా పాతి తోట తవ్వించేస్తే, ఎస్టేటు దొరలకి ఇచ్చినట్టే మనకీ నష్టపరిహారం ఇవ్వమంటున్నాం. తెగులు తట్టుకునే కొత్తరకం సర్కారు తోటలో పెంచుతున్నారు కదా, ఆ పిలకలు చిన్నరైతుకి కూడా ఇవ్వమంటున్నాం. అంతే కదా! మెక్‌రే దొర తోట పోతే ఆ గోల లండన్ దాకా వినబడింది. ఎకరం చెక్క పోయినవాడి ఏడుపు పక్కింటికైనా వినబడదు.

మన తోట ఎలా ఉంది? దొర్కా దుబ్బు గెల వేసిందా? వేస్తే ఒక అత్తం నాకు అట్టేపెట్టు.

నీ తమ్ముడు
హనోకు


హోరేబు కొండ
ఫిబ్రవరి నెలాఖరు

ఒరేయ్ హనోకూ,

నీ ఉత్తరం ఐసిల్డా అత్త ముందు చదివాను. నా తిట్ల సంగతి ఊరు దాటి రైలెక్కించావన్నమాట. ఇంటికి రా, బాకీ మొత్తం తీరుస్తాను.

సిలస్ తాత రోజూ పొద్దున్నే గుమ్మంలోకొచ్చి, "దొరలు మనవాడికి కుర్చీ వేశారా లేదా?" అని అడుగుతున్నాడు. బెంచీ వేశారని చెప్పాను. "బెంచీ అయితే పర్లేదు, పక్కన ఇంకోడు కూచోవచ్చు" అని తృప్తి పడ్డాడు పిచ్చి ముసలాడు.

బతికుంటే నా దొర్కాకి ఈ నెల్లో ఎనిమిదేళ్ళు నిండేవి. నీకు గుర్తుందో లేదో, బొడ్డుతాడు పాతిన చోట కొబ్బరి పెట్టమని అత్త, అరటి పెట్టాలని నాన్న, పురిటి గుమ్మంలోనే కొట్టుకున్నారు. "కొబ్బరి ఏడేళ్ళకిగానీ కాయదు, నా మనవరాలు ఏడాదికే తన చెట్టు పండు తినాలి" అని నాన్న తన చేత్తోనే పిలక నాటాడు. అది తిన్నదీ, ఎదిగిందీ, పోయిందీ. దాని తండ్రి క్యూబా చెరకు నరకడానికి పోయి తిరిగే రాలేదు. ఆ దుబ్బొక్కటే నాకు మిగిలింది. పొద్దున్నే దాని మొదట్లో చెంబెడు నీళ్ళు పోసిగానీ నేను కాఫీ తాగను.

గెల వేసింది. కింది ఆకులు రెండు పండుబారాయి, మొన్నటి గాలి దెబ్బకి. అంతే. తోట బాగుంది.

వేళకి తిను.

అక్క


కింగ్‌స్టన్
మార్చి

అక్కా! అక్కా!

కుర్చీ వేశారని సిలస్ తాతకి చెప్పు!

నిన్న దొరల కమిటీ ముందు నిలబడ్డాను. ఐదుగురు దొరలు, ఒక పొడుగాటి బల్ల, బల్ల మీద మంచినీళ్ళు, అవి మనకి కాదులే. అర్జీ చదివాను. అప్పుడు వ్యవసాయశాఖ దొరొకాయన లేచి ఏమన్నాడో తెలుసా? "ఈ చిన్నరైతులు తెగులు దాస్తారు. తెల్లారకముందే లేచి పండిన ఆకులు కోసి పారేసి, ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పళ్ళికిలిస్తారు. ఇలాంటివాళ్ళకి సాయం చెయ్యడమంటే రోగానికి సాయం చెయ్యడమే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బైబిలు అడిగి తెప్పించుకుని దాని మీద చెయ్యి పెట్టాను. "అయ్యా, మా హోరేబు కొండలో ఒక్కడంటే ఒక్కడు తెగులు దాచడు. మా నాన్న నాటిన తోట ఉంది. మా అక్క చేస్తోంది. ఎవర్నైనా పంపండి. ఒక్క రోగం చెట్టు దాచినట్టు కనబడితే మా అర్జీ చింపెయ్యండి" అన్నాను.

వెనకాల నించున్న మనవాళ్ళు నేల మీద కాళ్ళు తాటించారు. ప్రెసిడెంటు దొర నవ్వి, "సరే, ఇన్‌స్పెక్టర్ని పంపుదాం" అన్నాడు.

అక్కా, ఇప్పుడు సంఘం మొత్తానికి మన తోటే సాక్షి. నాన్న ఉండి వింటే ఎంత పొంగిపోయేవాడో.

హనోకు


హోరేబు కొండ
మార్చి

హనోకుకి,

నీ ఉత్తరం అందింది.

తోట నీది కాదు, నాది కాదు, ఇద్దరిదీ. నన్నొక మాట అడగకుండా దాని మీద ప్రమాణం చెయ్యమని నీకెవరు చెప్పారు? నోరుంది కదా అని బైబిలు మీద చెయ్యి పెట్టేస్తావా?

ఇన్‌స్పెక్టరు ఎప్పుడొస్తాడో రాయి.

ఐసిల్డా అత్త అడగమంది: చెట్టు మొదట్లో బూడిద, సున్నం కలిపి పోస్తే తెగులు తగ్గుతుందా? పైకి ఆకు బాగుంటే లోపల బాగున్నట్టేనా? ఆ దొరల దగ్గర నేర్చుకున్నదేమైనా ఉంటే రాయి. అత్తకే, నాకు కాదు.

అక్క


కింగ్‌స్టన్
ఏప్రిల్ మొదట్లో

అక్కా,

నీకు కోపం వచ్చింది, నాకు తెలుసు. వచ్చాక కాళ్ళు పట్టుకుంటాను.

అత్త అడిగిన సంగతి. సర్కారు తోటలో పనిచేసే ఒకాయన్ని అడిగాను. బూడిదా లేదు, సున్నమూ లేదు, మందే లేదన్నాడు. రోగం మట్టిలో ఉంటుందిట. వరదనీళ్ళతో వస్తుంది, చెప్పులకంటుకుని వస్తుంది, పారకంటుకుని వస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా పిలకతో వస్తుందిట. పైకి పిలక నవనవలాడుతూ ఉంటుంది, దుంప చీల్చి చూస్తే లోపల ఎర్రటి చారలు. నాటిన ఏడాదికో రెండేళ్ళకో బయటపడుతుంది. అప్పటికి పక్క చెట్లన్నిటికీ అంటుకుని ఉంటుంది. అత్త తన పిలకలు ఎవరి దగ్గర తెచ్చుకుందో అడుగు. ముందు వాళ్ళ తోట చూడాలి.

ఇన్‌స్పెక్టరు ఈస్టరు తర్వాత వస్తాడు. పేరు లెస్లీ. మనవాడే, సెయింట్ మేరీ వైపు పిల్లాడు. కాస్త మంచి కాఫీ ఇవ్వు.

హనోకు


హోరేబు కొండ
ఏప్రిల్

తమ్ముడూ,

అత్త నన్నేమీ అడగమనలేదు. అడిగింది నేనే.

ఆ రెండాకులు గాలికి పండుబారలేదు. నీకు అబద్ధం రాశాను. ఫిబ్రవరి పోకముందే దొర్కా దుబ్బు ఆకులన్నీ ఒక్కొక్కటే విరిగి బోదె చుట్టూ లంగాలా వేలాడాయి. బోదె మొదట్లో నిలువునా పగిలింది. నేను చీకటితో లేచి, ఎవరూ చూడకుండా ఆకులు కోసి పాతిపెట్టాను. నీ దొర చెప్పిన మనిషిని నేనే. నువ్వు ఒక్కడంటే ఒక్కడు లేడని ప్రమాణం చేసిన రోజు కూడా కోశాను.

అంతవరకూ అయితే నా పాపం నాతో పోయేది. నీ ఉత్తరం చదివాక నాకు నిద్ర పట్టడం లేదు. పాప పోయిన తొమ్మిదో రాత్రి నీకు గుర్తుందా? ఆనవాయితీ ప్రకారం అందరూ వచ్చి, దాన్ని సాగనంపే పాటలు పాడి, రమ్ము తాగి, తెల్లవారుతుంటే లేచి వెళ్ళబోతున్నారు. ఇల్లు ఖాళీ అయిపోతోందని నాకు పిచ్చి దిగులు పుట్టింది. పార తీసుకుని తోటలోకి పోయాను. దొర్కా దుబ్బు చుట్టూ ఉన్న పిలకలన్నీ తవ్వి, గుమ్మం దాటే ప్రతి మనిషి చేతిలో ఒకటి పెట్టాను. "మా పిల్ల మీ తోటలో పెరగనివ్వండి" అన్నాను. సిలస్ తాత కళ్ళ నీళ్ళు పెట్టుకుని కోటులో చుట్టుకుని పట్టుకెళ్ళాడు. ఊళ్ళో వాటిని దొర్కా పిలకలనే అంటారు. ఆ పిలకలకి మళ్ళీ పిలకలు పుట్టాయి.

ఆ ఏడే, పాప పోకముందే కదా ఏరు పొంగి, పైనున్న మెక్‌రే దొర వదిలేసిన రోగిష్టి తోట బురదంతా తెచ్చి మన తోటలో పోసింది. నేను ఎంత బుద్ధిలేనిదాన్నో! బురద మంచిది, ఎరువు అనుకుని సంతోషించాను.

నిన్న అత్త తోటలోకి ఏదో వంకన వెళ్ళాను. ఆమె దొర్కా చెట్టుకి కింది ఆకు పండుబారి ఉంది. సిలస్ తాత దానికీ ఉంది. "గాలి దెబ్బమ్మా" అన్నాడు తాత. నేను ఔనన్నాను.

నా బిడ్డ ఊరందరి తోటల్లో పెరగాలనుకున్నాను. ఊరందరికీ రోగం పంచాను. ఎవరికి చెప్పుకోను హనోకూ? ఏం చెయ్యను?

అక్క


కింగ్‌స్టన్
ఏప్రిల్, మంచి శుక్రవారం

అక్కా,

జాగ్రత్తగా విను. ఎవరికీ చెప్పకు.

దొర్కా దుబ్బు ఒక్కటీ తవ్వి తీసెయ్యి. గుంట పూడ్చి పెండలం నాటు, పైన చెత్త పరుచు. నువ్వు కష్టపడతావని తెలుసు. అయినా నా కోసం చెయ్యి. లెస్లీ ఒక్క పూట ఉంటాడు. మన తోట చూసి పోతాడు, అత్త తోట, తాత తోట చూడడు. సాయం మంజూరు కానీ. అయ్యాక మనమే అందరికీ చెబుదాం, అన్నీ తవ్వేద్దాం. ఇప్పుడు చెబితే మన కొండ ఒక్కటే కాదు, సంఘంలో ఉన్న ఊళ్ళన్నీ పోతాయి. నా మాట పోతుంది.

నేను ఇలా రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. తిట్టకు.

హనోకు


హోరేబు కొండ
మే

హనోకూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. ముందు అది విను, తర్వాత మిగతాది.

దొర్కా దుబ్బు నా చేత్తో నరికాను. గెల పక్వానికే రాలేదు, చిటికెన వేళ్ళంత కాయలు. దుంప తవ్వుతుంటే లోపలంతా ఎర్రగా, కుళ్ళిన కంపు. అయినా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను కాసేపు. తర్వాత పూడ్చి, పెండలం నాటి, చెత్త పరిచాను. ఎంత చక్కగా దాచానంటే, మర్నాడు చెంబుతో నీళ్ళు తెచ్చి ఎక్కడ పొయ్యాలో నాకే తెలియలేదు.

లెస్లీ వచ్చాడు. మంచివాడే. టోపీ తీసి "అమ్మా" అన్నాడు. తోటంతా తిరిగాడు, ఆకులు తిప్పి చూశాడు, నాలుగు బోదెలు గీరి చూశాడు. పెండలం పాదు మీంచి దాటుకునే పోయాడు. వెనకాల ఊరు ఊరంతా ఉంది. కిందలోయ వాళ్ళు కూడా వచ్చారు, వాళ్ళకి తోటలన్నీ తవ్వేశాక కొండవాలు కొత్తగా నరుక్కుని, శుభ్రమైన నేల సిద్ధం చేసుకుని, పిలకల కోసం చూస్తున్నారు కదా. మన తోటకి రోగం లేదని నువ్వు ప్రమాణం చేశావని విని, కళ్ళారా చూసిపోదామని వచ్చారట.

"బాగుందమ్మా, తెగులు లేదు" అన్నాడు లెస్లీ. అంతే, ఒకటే చప్పట్లు. ఐసిల్డా అత్త కీర్తన ఎత్తుకుంది. నేను కాఫీ కలపడానికి లోపలికొచ్చాను. కంగారులో సగం ఒలకబోశాను. అయిపోయింది దేవుడా, గట్టెక్కించావు అనుకున్నాను.

బయటికొచ్చేసరికి సిలస్ తాత కంచరగాడిద మీద గోనె వేసుకుని వస్తున్నాడు. గోనె నిండా పిలకలు. "కొత్త నేలకి కొత్త పిలక! ఊరికే పంపుతామా చుట్టాల్ని?" అని కిందలోయ వాళ్ళ చేతుల్లో ఒక్కొక్కటే పెడుతున్నాడు. నేను ఆ రాత్రి పెట్టినట్టే. "ఇవి మామూలు పిలకలు కావర్రా, దొర్కా పిలకలు. పిల్లని చూసుకున్నట్టు చూసుకోండి" అంటున్నాడు. వాళ్ళలో ఒక గర్భిణీ మనిషి ఉంది. పిలకని పొట్టకి ఆనించి పట్టుకుని నాకేసి చూసి నవ్వింది. "మాకు ఆడపిల్ల పుడితే బొడ్డుతాడు దీని కిందే పాతుతానక్కా" అంది.

కాఫీ పళ్ళెం ఎక్కడ పడేశానో నాకు తెలీదు. "దించండి! కింద పెట్టండి అన్నీ!" అని అరిచాను. తాత నడుముకున్న కత్తి లాక్కుని ఆ పిల్ల చేతిలో పిలక గుంజుకుని రాతి మీద పెట్టి రెండుగా చీల్చాను. ఎర్రచార. ఇంకోటి చీల్చాను. ఇంకోటి.

అప్పుడు చెప్పాను. వరద, తొమ్మిదో రాత్రి, ఆకులు కొయ్యడం, పెండలం పాదు, అన్నీ. నువ్వు దాచమన్న మాట ఒక్కటీ చెప్పలేదు. అది నేనే అనుకుని చేశానన్నాను.

ఐసిల్డా అత్త నా దగ్గరికొచ్చి, "నా తోట చచ్చిపోతోందని తెలిసి నా పొయ్యి దగ్గర కూచుని నా చేతి అన్నం తిన్నావా?" అంది. కొట్టినా బాగుండేది. అప్పట్నించీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది.

ఇప్పుడు మన గుమ్మం దగ్గర్నించి చర్చి దాకా ఎర్రజెండాలే. అన్ని తోటలూ తవ్వి, ముక్కలు కొట్టి, గోతుల్లో వేసి సున్నం పోసి పూడ్చారు. దొర్కా దుబ్బు నేను పాతిన చోటు కూడా మళ్ళీ తవ్వారు. ఆ మట్టి గుప్పెడు అడిగాను. దాని బొడ్డు కలిసిన మట్టి కదా, చర్చి దగ్గర దాని సమాధి మీద వేసుకుంటానని. లెస్లీ టోపీ తీసేశాడు. "ఈ మట్టి చిటికెడు కూడా తోట దాటకూడదమ్మా. చర్చి వెనక ఇంకా తెగులు సోకని తోటలున్నాయి" అన్నాడు. వాడి తప్పేముంది? నేను చేతులు కడుక్కున్నాను.

నీ అర్జీని నేనే చింపేశాను తమ్ముడూ. నన్ను క్షమించు.

అక్క


కింగ్‌స్టన్
మే

అక్కా,

నువ్వు చింపింది ఏమీ లేదు. అది అంతకుముందే చిరిగిపోయింది.

పదెకరాల లోపు రైతులకి పరిహారమూ లేదు, కొత్త పిలకా లేదు అని కమిటీ ఈస్టరుకి ముందే తేల్చేసింది. బయటికి చెప్పలేదంతే. ఆఫీసు బంట్రోతు ఒకడు జాలిపడి నా చెవిన వేశాడు. నీకు దాచమని రాసిన రోజుకి నాకు తెలుసు. సాయం కోసం కాదక్కా నేను దాచమన్నది. నా మాట కోసం. ఆ ఐదుగురి ముందు అబద్ధాలకోరుగా నిలబడలేక, నీ బిడ్డ చెట్టు నీ చేతే నరికించాను.

లెస్లీ తన రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాడట, రైతే నోరు విప్పి చెప్పింది, చెప్పకపోతే కిందలోయ కూడా పోయేదని. వ్యవసాయశాఖ దొర అందులో సగం మాత్రం పైకి చదివాడు. "చూశారా, వీళ్ళే పంచుకున్నారు" అన్నాడు. ఏరు మెక్‌రే దొర తోటలోంచే వచ్చిందన్న సంగతి ఎవరూ చదవలేదు. నేను లేచి చెప్పబోతే "టైమైపోయింది" అన్నారు.

పాస్టరుగారి కోటు పోస్టులో పంపుతున్నాను. నేను ఇక్కడే రేవులో మూటలు మోసుకుంటాను. ఏ మొహం పెట్టుకుని రాను?

హనోకు


హోరేబు కొండ
జూన్

ఒరేయ్ హనోకూ,

నీకున్నది ఆ మొహం ఒక్కటే కదరా, అదే పెట్టుకుని రా.

నీ ఉత్తరం చదివి ఒక రోజంతా నీ మీద కోపంతో పొయ్యి వెలిగించలేదు. ఎంత పని చేశావురా! మర్నాడు నా మీద నాకే కోపం వచ్చింది. మనిద్దరం ఒక్క కడుపున పుట్టినవాళ్ళమే. నువ్వు మాట కోసం దాచావు, నేను చెట్టు కోసం దాచాను.

మొన్న సిలస్ తాత వచ్చాడు. తోటలు తవ్వాక ఇన్నాళ్ళకి. గుమ్మంలో కూచున్నాడు. తర్వాత, "కెతూరా, ఆ రాత్రి నువ్వు ఇవ్వకపోయినా మేమే అడిగి పట్టుకెళ్ళేవాళ్ళం. దొర్కా ఏమన్నా నీ ఒక్కదాని పిల్లా?" అన్నాడు. అప్పుడు ఏడ్చాను చూడు, దాని సమాధి దగ్గర కూడా అంత ఏడవలేదు.

నువ్వొచ్చి ఇంకో అర్జీ రాయాలంటున్నాడు తాత. మనం దాచామని కూడా రాయాలిట, ఎందుకు దాచామో కూడా రాయాలిట. ఏరు ఎక్కణ్ణించి వచ్చిందో మొదటి పేజీలోనే రాయాలిట. ఈసారి నీ వెనక తనూ వస్తానంటున్నాడు, బెంచీ మీద చోటుంటుంది కదా అని. ఐసిల్డా అత్త మాత్రం ఇంకా పలకడం లేదు. పలకదు కూడా, ఆవిడ సంగతి నాకు తెలుసు.

తోటంతా బోడిగా ఉంది. మన జన్మలో ఇంక అక్కడ అరటి వెయ్యకూడదుట. పొద్దున్నే నీళ్ళచెంబు పట్టుకుని అలవాటుగా అంతదూరం పోతున్నాను, వెనక్కొచ్చి ఆ నీళ్ళతోనే కాఫీ కాచుకుంటున్నాను.

గేటు దగ్గర తొట్టిలో సున్నం నీళ్ళు పెట్టించారు సర్కారువాళ్ళు. నువ్వొచ్చినప్పుడు నేరుగా లోపలికి వచ్చెయ్యి, కాళ్ళు కడుక్కోనక్కర్లేదు. మన ఇంట్లోంచి బయటికి వెళ్ళేటప్పుడే కడుక్కోవాలి.

అక్క